లష్కరు గుడి నుండి తల్లి గుడి దాకా
(సికింద్రాబాదు సెయింట్ మేరీస్ దేవాలయ చరిత్రపై విచారణ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన జంట నగరములలోని కథోలిక విచారణ దేవాలయములన్నిటిలో పాతదైన సెయింట్ మేరీస్ దేవాలయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా పెద్దలు నన్ను కోరారు. సికింద్రాబాదులో సరోజినీదేవి రోడ్డు మీద ఉన్న ఆ గుడి మీకందరికీ తెలిసినదే. అక్కడ జ్ఞానస్నానము పొందినవారు, అక్కడ పెండ్లి జరిగినవారు, బజారుకు వెళ్తూ ఒక నిమిషము లోపలికి వెళ్ళి మోకరించి వచ్చేవారు ఈ సభలో ఎందరో ఉంటారు. రోజూ చూచే ఇంటి పెద్దావిడ వయస్సు ఎంత అని మనము అడుగము. అడిగినప్పుడు మాత్రము ఆశ్చర్యపోతాము.

ఈ దేవాలయ నిర్మాణము 1847లో మొదలై 1850లో పూర్తి అయినది. అంటే 175 ఏండ్లు నిండినవి. ఇన్నేండ్ల చరిత్రను తేదీల పట్టికగా చదివి వినిపిస్తే మీరు ఇల్లు చేరేలోపు మరచిపోతారు. అందుచేత నేను ఒక్క ప్రశ్నను పట్టుకొని ముందుకు వెళ్తాను. ఈ గుడి ఎవరిది? ఎవరి కొరకు కట్టారు, ఎవరి చేతికి వచ్చినది, మనము ఎవరి చేతికి అప్పగించాలి?

గుడికి ముందు

తెలుగువారికి కథోలిక విశ్వాసము ఈ గుడితో రాలేదు. అది ఇంతకన్న పాతది. 1701లో ఫ్రెంచి యేసుసభ గురువులు పుంగనూరులో జ్ఞానస్నానములు ఇచ్చిననాటి నుండి మన తెలుగు సంఘము తన పుట్టుకను లెక్కపెట్టుకుంటున్నది. ఆ గురువులు రాయలసీమ పల్లెలలో తిరిగారు, తెలుగు నేర్చారు, కరవులలో ప్రజలతోపాటు కష్టపడ్డారు. 1773లో పోపు 14వ క్లెమెంటు యేసుసభను రద్దు చేయడముతో ఆ పని చాలా చోట్ల కాపరి లేని మంద పాలయినది. అయినా పల్లెలలో విశ్వాసము ఆరిపోలేదు. ఉపదేశులు, తల్లులు దానిని నిలబెట్టారు.

సికింద్రాబాదుకు విశ్వాసము ఆ పల్లె దారిన రాలేదు. దండు దారిన వచ్చినది. 1798లో నిజాము ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నారు. ఆ సైన్యము హుస్సేనుసాగరుకు ఉత్తరాన డేరాలు వేసుకొని నిలిచినది. 1806లో ఆ తావుకు మూడవ ఆసఫ్ జాహీ నిజాము సికందర్ జా పేరున సికింద్రాబాదు అని పేరు పెట్టారు. మన పెద్దలు మాత్రము దానిని లష్కరు అనే పిలిచారు. ఇప్పటికీ లష్కరు బోనాలు అంటున్నాము గదా! లష్కరు అంటే దండు.

దండు ఉన్నచోట గుడి కావాలి. ఆంగ్లికన్ సంఘమువారికి 1813లోనే సెయింట్ జాన్స్ దేవాలయము ఏర్పడినది. అది నగరములోని పాత క్రైస్తవ దేవాలయము. కాని ఆ దండులో ఆంగ్లికన్లు మాత్రమే లేరు. ఐర్లండు దేశమునుండి వచ్చిన సైనికులు చాలామంది ఉండేవారు. వారు కథోలికులు. ఇంట్లో తిండికి జరగక, ఏ పనీ దొరకక, తమ దేశమును ఏలుతున్న ప్రభుత్వము సైన్యములోనే చేరిన పేదవారు. ఆ ప్రభుత్వము 1829 వరకు కథోలికులకు పార్లమెంటులో కూర్చునే హక్కును కూడా ఇవ్వలేదు. తమ మతమును చిన్నచూపు చూచిన రాజ్యము కొరకు తుపాకీ మోస్తూ, తమ ఊరికి ఆరు నెలల సముద్ర ప్రయాణమంత దూరములో, కలరాకు, చలిజ్వరమునకు ప్రాణములు ఒప్పగించినవారు వారు. చనిపోయే ముందు ఒక గురువు వచ్చి పాపసంకీర్తనము వింటే చాలునని వారు కోరుకున్నారంటే ఆశ్చర్యము లేదు.

వారితోపాటు మరొక గుంపు ఉన్నది. మద్రాసు సైన్యము వెంట వచ్చిన తమిళులు. సిపాయిలు, దుకాణదారులు, వంటవారు, బండ్లవారు, వారి ఇల్లాండ్రు, పిల్లలు. వారిలో కథోలికులు ఉండేవారు. చూచారా! మన నగరములో మొదటి కథోలిక సంఘము రెండు భాషలు మాట్లాడినది. ఆ రెంటిలో ఒకటీ తెలుగు కాదు.

కార్కు కుర్రవాడు కట్టించిన గుడి

ఆ రోజులలో ఈ ప్రాంతమంతా మద్రాసు వికారియేటు క్రింద ఉండేది. వికారియేటు అంటే ఇంకా మేత్రాసనము కాని, పోపుగారి ప్రతినిధిగా ఒక మేత్రాణులు పాలించే వేదబోధక ప్రాంతము. మద్రాసుకు ఐరిష్ మేత్రాణులు రావడముతో వారి వెంట ఐరిష్ యువ గురువులు కూడా వచ్చారు. అట్లా వచ్చినవారే డానియేలు మర్ఫీగారు.

వారు 1815లో ఐర్లండులోని కార్కు జిల్లాలో జన్మించారు. మేనూతు గురువిద్యాలయములో చదివి 1838లో గురుపట్టము పొందారు. ఆ వెంటనే మన దేశమునకు బయలుదేరారు. అప్పటికి వారి వయస్సు 23 ఏండ్లు. 1846లో మేత్రాణులుగా అభిషేకము పొంది, హైదరాబాదు ప్రాంత బాధ్యతను వహించారు. మరుసటి ఏడే గుడి పని మొదలు పెట్టించారు.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి 1847వ సంవత్సరము అంటే ఏమిటో తలచుకోవాలి. ఐర్లండులో 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలినది. పేదల తిండి అదే. వరుసగా పంటలు పోయి గొప్ప కరవు వచ్చినది. పది లక్షల మంది ఆకలితోను, జ్వరములతోను చనిపోయారు. మరి పది లక్షల మందికి పైగా దేశము విడిచి ఓడలెక్కారు. ఆ కరవు ఏండ్లలో అతి చెడ్డది 1847. అతి ఎక్కువగా దెబ్బ తిన్న జిల్లాలలో కార్కు ఒకటి. అదే మర్ఫీ మేత్రాణులవారి సొంత జిల్లా.

అంటే, ఇక్కడ ఈ గోడలు లేస్తున్న రోజులలోనే అక్కడ వారి ఊళ్ళు ఖాళీ అవుతున్నవి. ఇక్కడ మోకరించిన ఐరిష్ సిపాయికి ఇంటినుండి ఉత్తరము వస్తే అందులో ఏమి ఉండేదో మీరే ఊహించుకోండి. మనము ఈ గుడిని చూచి ‘దొరల గుడి’ అని అనుకుంటాము. దొరలు కాదు, కరవు ఇండ్ల బిడ్డలు మోకరించడానికి కట్టిన గుడి ఇది. మన పల్లెలలో కరవు చూచినవారికి, పిల్లలను పొట్ట చేతపట్టుకొని పొమ్మన్న తల్లులకు ఆ సిపాయిలు పరాయివారు కారు.

1850లో గుడి పూర్తి అయినది. గోతిక్ పద్ధతి కట్టడము. పైకి కోసుగా కలిసే ఆర్చీలు, గోడలకు బలముగా నిలిచిన ఆనుగోడలు, లోపల పునీతుల పేర వెలసిన పీఠములు ఈ దేవాలయమునకు అందము. సిమెంటు మన దేశమునకు ఇంకా రాని కాలము అది. సున్నము, ఇసుక, రాయి, మనుషుల చేతులు, ఇవే సామగ్రి. గుడి ప్లాను పడమటి దేశముదే కావచ్చును. సున్నము నూరిన చేతులు, తట్టలు మోసిన తలలు మాత్రము ఈ నేలవే.

కాబట్టి ‘మనవారు ఈ గుడిలోనికి ఆలస్యముగా వచ్చారు’ అని ఎవరైనా అంటే, పూజకు ఆలస్యముగా వచ్చారేమోగాని పనికి మొదటి రోజే వచ్చారని చెప్పండి.

పీఠము వచ్చినది, పీఠము పోయినది

1851లో రోమాపురి హైదరాబాదును మద్రాసునుండి విడదీసి ప్రత్యేక వికారియేటుగా చేసినది. మర్ఫీ మేత్రాణులవారే దానికి మొదటి అధిపతి అయ్యారు. అప్పుడే పూర్తి అయిన సెయింట్ మేరీస్ వారి ప్రధాన దేవాలయము అయినది. ఎంత పెద్ద ప్రాంతము అది! నిజాము రాజ్యముతోపాటు కృష్ణా తీరము కూడా దానిలోనిదే. అంటే బందరు సముద్రపు ఒడ్డున ఉన్న కథోలికునికి కూడా సికింద్రాబాదులోని ఈ గుడే పెద్ద గుడి. రైలు లేదు, సరియైన రోడ్డు లేదు. గురువులు ఎద్దుబండి మీద, గుర్రము మీద, కాలినడకన వెళ్ళవలసినదే.

ఇంత పొలమునకు పనివారు చాలలేదు. దైవచిత్తము ఎట్లా నడిపించినదో చూడండి. ఇక్కడ గుడి పూర్తి అయిన ఆ 1850లోనే, ఇటలీలోని మిలాను ప్రాంతములో రామజొత్తి అనే గురువు విదేశ వేదబోధకుల కొరకు ఒక గురువిద్యాలయమును స్థాపించారు. తరువాతి కాలములో పీమే సభ అని మనము పిలిచే సభ అదే. అయిదేండ్లు తిరగకుండానే, 1855లో, ఆ సభ గురువులు హైదరాబాదు వచ్చారు. మన తెలుగు నేలలో పీమే గురువుల పని ఆ ఏట మొదలైనది. అంతకు ముందు వారికి మనమెవరమో తెలియదు, మనకు వారెవరో తెలియదు.

మర్ఫీ మేత్రాణులవారు 1860ల నడుమ ఇక్కడి పని విడిచి ఆస్ట్రేలియా ప్రాంతములోని టాస్మేనియా ద్వీపమునకు, హోబర్టు మేత్రాణులుగా వెళ్ళారు. 1888లో అక్కడి మొదటి అగ్రపీఠాధిపతి అయ్యారు. 1907లో, 92 ఏండ్ల పండు వయస్సులో, ప్రభువునందు నిద్రించారు. మన గుడి కట్టించిన మహనీయుని సమాధి ఇంత దూరములో ఉన్నది.

ఆయన తరువాత 1870లో వికారియేటు పగ్గములు పీమే సభకు చెందిన బార్బెరో మేత్రాణులవారి చేతికి వచ్చినవి. ఆ దశాబ్దములో మూడు పనులు జరిగినవి. మూడూ ఈ గుడి భవిష్యత్తును మార్చినవి.

మొదటిది, 1871లో ఇటలీలోని తురీను నగరమునుండి పునీత అన్నమ్మ మఠకన్యలు సికింద్రాబాదు వచ్చారు. అప్పటి వారి మఠశ్రేష్ఠురాలు ఎన్రికెత్తా దొమినీచిగారు. 1978లో ఆరవ పౌలు పోపుగారు ఆమెను ధన్యురాలిగా ప్రకటించారు. ఆ కన్యలు మొదలు పెట్టిన సెయింట్ ఆన్స్ పాఠశాల నేటికీ ఆడపిల్లలకు చదువు చెప్పుచున్నది. ఆడపిల్లకు చదువెందుకు అనే కాలములో గుడి నీడన బడి లేచినది. ఇది చిన్న సంగతి కాదు.

రెండవది రైలు. 1874లో వాడీనుండి సికింద్రాబాదుకు రైలు వచ్చినది. 1889 నాటికి ఆ దారి బెజవాడ దాకా సాగినది. రైలు పనిలో గోవావారు, ఆంగ్లో ఇండియన్లు, తమిళులు, ఆ తరువాత తెలుగువారు వచ్చి చేరారు. సిపాయిల గుడి కాస్తా ఉద్యోగుల గుడి, కార్మికుల గుడి అయినది.

మూడవది, హైదరాబాదు నగరములో గన్‌ఫౌండ్రీ వద్ద మరియొక పెద్ద దేవాలయము లేచినది. 1870లో పునాది వేసిన ఆ సెయింట్ జోసఫ్ దేవాలయములో 1875 క్రిస్మసుకు పూజ జరిగినది. 1886లో పోపు 13వ లియోగారు భారతదేశములో మేత్రాసనములను స్థాపించినప్పుడు హైదరాబాదు కూడా మేత్రాసనము అయినది. దానితో మేత్రాణులవారి పీఠము గన్‌ఫౌండ్రీకి చేరినది. సెయింట్ మేరీస్ కతీడ్రల్ హోదా పోయి మళ్ళీ విచారణ గుడి అయినది.

ఈ సంఘటనను మనవారు ఒక్క వాక్యములో చెప్పి దాటిపోతారు. నాకు మాత్రము ఈ గుడి చరిత్రలో ఇది ముఖ్యమైన ఘట్టముగా తోస్తున్నది. పెద్ద కోడలు వచ్చాక తాళపుచెవులు అప్పగించి, వంటింటి మూల కూర్చొని, అయినా ఇంటిల్లిపాదికీ దిక్కుగా ఉండే అత్తగారిని మీరు చూచి ఉంటారు. సెయింట్ మేరీస్ అట్లా ఉండిపోయినది. మేత్రాణుల సింహాసనము వెళ్ళిపోయినది. జ్ఞానస్నానపు తొట్టి వెళ్ళలేదు. పాపసంకీర్తనపు పెట్టె వెళ్ళలేదు. ఉదయపు పూజ ఆగలేదు. హోదా పోయిన తరువాత కూడా ఇంతకాలము జనము వస్తున్నారంటే, వారు హోదా కొరకు రాలేదన్న మాట. విచారణకు ప్రాణము అదే.

తెలుగు వాకిలి

తెలుగు కథోలికులు ఈ గుడికి ఎట్లా వచ్చారు? రెండు దారులున్నవి. పీమే గురువులు ఇక్కడినుండి పల్లెలకు వెళ్ళారు. పల్లెలనుండి మనవారు బతుకుతెరువు కొరకు పట్టణమునకు వచ్చారు. వెళ్ళిన దారి, వచ్చిన దారి ఈ గుడి ముందే కలిసినవి.

వెళ్ళిన దారి ఫలము చూడండి. కృష్ణా తీరపు సంఘము బలపడి 1933లో బెజవాడ వేరుపడినది, 1937లో మేత్రాసనము అయినది. 1952లో వరంగల్లు మేత్రాసనము ఏర్పడినది. 1953లో హైదరాబాదు అగ్రపీఠము అయినది. పూజ్యశ్రీ జోసఫ్ మార్కు గోపుగారు మొదటి అగ్రపీఠాధిపతి అయ్యారు. 1976లో నల్లగొండ, ఏలూరు, 1988లో ఖమ్మము మేత్రాసనములు వచ్చినవి. వీటిలో కొన్ని బిడ్డలు, కొన్ని మనుమరాండ్రు. 1851లో ఒక్క ప్రధాన దేవాలయము క్రింద ఉన్న నేలలో ఈనాడు ఇన్ని పీఠములు, ఇన్ని వందల విచారణలు. తల్లి గుడి అనే మాట ఊరికే రాలేదు.

వచ్చిన దారి సంగతి మన ఇండ్లలో పెద్దలకు తెలుసు. పల్లెలో ఉపదేశి నేర్పిన జపములు నోట పట్టుకొని పట్టణమునకు వచ్చిన మొదటి తరమువారు ఈ పెద్ద గుడిలో వెనుక వరుసలో నిలబడ్డారు. పూజ లతీనులో జరిగేది. ప్రసంగము ఇంగ్లీషులోనో, తమిళములోనో ఉండేది. వారు జపమాల తీసి తమ భాషలో తల్లితో మాట్లాడుకున్నారు. దివ్యసత్ప్రసాదము నాలుక మీద పెట్టినప్పుడు భాష అడ్డము రాలేదు.

రెండవ వాటికను మహాసభ ఈ స్థితిని మార్చినది. 1963 డిసెంబరు 4న వెలువడిన దైవారాధన శాసనము ప్రజల భాషలో పూజకు తలుపు తెరచినది. ‘ప్రభువు మీతో ఉండునుగాక’ అని గురువు తెలుగులో పలికిన రోజు వెనుక వరుసవారు ముందుకు వచ్చారు. ఈనాడు సెయింట్ మేరీస్‌లో ఇంగ్లీషు, తమిళము, తెలుగు మూడూ వినపడుతున్నవి.

మూడు భాషలు ఉన్నచోట ముచ్చటలే కాదు, మాట పట్టింపులు కూడా ఉంటాయి. ఏ భాష పూజకు ఏ వేళ, పండుగనాడు ఏ గాయక బృందము పాడాలి, ఊరేగింపులో ఎవరు ముందు? ఇవి ఏ పాత విచారణకూ కొత్త కావు. అటువంటప్పుడు ‘ఇది మా గుడి, మేము ముందునుండి ఉన్నాము’ అనే మాట తప్పక వస్తుంది. ఆ మాట అనే ముందు చరిత్ర ఒకసారి చూడాలి. ఇక్కడ ముందునుండి ఉన్నది ఎవరు? ఐరిష్ సిపాయి వచ్చినప్పుడు పరాయివాడు. తమిళుడు వచ్చినప్పుడు పరాయివాడు. ఇటలీ గురువు, గోవా గుమాస్తా, తెలుగు కూలి, అందరూ వచ్చిననాడు అతిథులే. కొన్నాళ్ళకు ఇంటివారయ్యారు. ఇంటివారైన పిదప తరువాత వచ్చినవారికి చోటిచ్చారు. చోటిచ్చారు కాబట్టే గుడి నిలిచినది. చోటియ్యని గుడి ఉంటే, సిపాయిలు వెళ్ళిపోయిననాడే అది ఖాళీ పడి ఉండేది.

మోక్షారోపణము, బసిలికా

1950 నవంబరు 1న పన్నెండవ పయస్ పోపుగారు మరియమాత మోక్షారోపణమును విశ్వాస సత్యముగా ప్రకటించారు. మన గుడికి అది సరిగా నూరవ ఏడు. మోక్షారోపణ మాత పేరుగల దేవాలయమునకు ఇంతకన్న మంచి శతాబ్ది కానుక ఏముంటుంది! ఆ పండుగ ఆగస్టు 15న వస్తుంది. మన దేశ స్వాతంత్ర్య దినము కూడా అదే. దండు కొరకు కట్టిన గుడిలో దేశము స్వతంత్రమైన రోజును తల్లి పండుగతో కలిపి జరుపుకోవడము మన భాగ్యము.

2008 నవంబరు 7న, అగ్రపీఠాధిపతి పూజ్యశ్రీ మారంపూడి జోజిగారి కాలములో, ఈ దేవాలయము బసిలికా స్థాయికి ఎత్తబడినది. బసిలికా అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. రోమాపురిలో నాలుగు పెద్ద బసిలికాలు ఉన్నవి. ప్రపంచములో మిగిలినవన్నీ చిన్న బసిలికాలు. చరిత్రవలనగాని, భక్తివలనగాని ప్రసిద్ధమైన దేవాలయమునకు పోపుగారు ఇచ్చే గౌరవము ఇది. అట్టి దేవాలయమునకు పోపుగారి తాళపుచెవుల గుర్తు వాడే హక్కు ఉంటుంది. పట్టు గొడుగు, చిన్న గంట దానికి ఆనవాళ్ళు.

గౌరవముతో బాధ్యత కూడా వస్తుంది. బసిలికాలో పూజలు శ్రద్ధగా జరగాలి. పాపసంకీర్తనము వినడానికి గురువులు అందుబాటులో ఉండాలి. దైవవాక్యము, తిరుసభ బోధ జనులకు నేర్పాలి. పునీత పేతురుగారి పీఠ పండుగ, పేతురు పౌలుల పండుగ ప్రత్యేకముగా జరపాలి. అంటే బసిలికా అనేది గోడకు తగిలించుకునే బిరుదు కాదు. పని పెరిగినదని చెప్పే ఉత్తరువు.

1880లలో పోయిన గౌరవము 2008లో మరొక రూపములో తిరిగి వచ్చినది. ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. ఐరిష్ మేత్రాణులతో మొదలై ఇటలీ మేత్రాణుల వరుసగా సాగిన ఈ పీఠమునకు చెందిన పూజ్యశ్రీ పూల ఆంథోనిగారిని 2022 ఆగస్టు 27న ఫ్రాన్సిస్ పోపుగారు కార్డినలుగా చేశారు. తెలుగువారిలో మొదటి కార్డినలు, దళితులలో మొదటి కార్డినలు వారే. ఒకనాడు వెనుక వరుసలో నిలబడిన పల్లె జనము బిడ్డ ఆయన. వెనుక వరుసనుండి ఎంత దూరము వచ్చామో ఈ ఒక్క సంగతి చెప్పుతుంది.

మన వంతు

ఇక మన వంతు ఏమిటి? మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది కట్టడము సంగతి. సున్నపు గోడ ఊపిరి తీసుకునే గోడ. లోపలి తేమ బయటికి పోవడానికి దానిలో వీలున్నది. దాని మీద సిమెంటు పూస్తే, నీరు దిగని రంగులు కొడితే తేమ లోపలే నిలిచి గోడ పెచ్చులూడుతుంది. పండుగకు గుడి తళతళలాడాలని మనకు ఉంటుంది. మంచిదే. కాని పాత గుడి ఏదైనా సరే, మరమ్మతుకు ముందు పాత కట్టడముల పని తెలిసినవారిని అడగండి. ఒక్క పండుగ మెరుపు కొరకు నూరేండ్ల గోడను పాడు చేయరాదు.

రెండవది దస్త్రముల సంగతి. జ్ఞానస్నానముల పుస్తకము, పెండ్లి పుస్తకము ప్రతి విచారణలో ఉండవలెనని 16వ శతాబ్దములో త్రెంతు మహాసభ కాలమునుండి తిరుసభ నియమము. చదువురాని కూలి మనిషి పేరును, అతని బిడ్డ పేరును రాజుగారి దస్త్రములు పట్టించుకోని రోజులలో విచారణ పుస్తకము వ్రాసి పెట్టినది. సిపాయి పేరు, మఠకన్య పేరు, బండి తోలేవాని పేరు ఒకే వరుసలో ఒకే సిరాతో. పేదవానికి చరిత్రలో దొరికే చోటు చాలాసార్లు ఆ ఒక్క పంక్తియే. ఆ పుస్తకములకు చెదలు, తేమ తగలకుండ చూడాలి. ఫొటోలు తీయించి మరొక చోట భద్రపరచాలి. ఇంట్లో తాతముత్తాతల జ్ఞానస్నాన పత్రములు ఉన్నవారు పిల్లలకు చూపించి వాటి కథ చెప్పండి. చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే ఈ పని జరగాలి.

మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది. మన నగరమునకు ఈనాడు మళ్ళీ కొత్తవారు వస్తున్నారు. ఒరిస్సానుండి, జార్ఖండునుండి, ఛత్తీస్‌గఢ్‌నుండి కట్టడపు పనులకు, ఇండ్లలో పనులకు, హోటళ్ళలో పనులకు వస్తున్నారు. వారిలో కథోలికులున్నారు. ఆదివారము వారు మన గుడులకు వచ్చి ఎక్కడ నిలబడుతున్నారో గమనించారా? వెనుక వరుసలో, తలుపు ప్రక్కన. పూజ కాగానే ఎవరితోను మాట్లాడకుండ వెళ్ళిపోతారు. మన తాతలు నిలబడిన చోటు అదే. మనము లతీను వింటూ జపమాల త్రిప్పుకున్నట్లే వారు తెలుగు వింటూ తమ భాషలో జపించుకుంటున్నారు.

వారి పేరు అడగండి. ఏ ఊరో అడగండి. బిడ్డకు జ్ఞానస్నానము కావాలంటే ఏ కాగితము తేవాలో ఓపికగా చెప్పండి. జబ్బు పడితే ఏ ఆసుపత్రికి వెళ్ళాలో చూపండి. బెంచీ మీద కొంచెము జరిగి చోటివ్వండి. ఇంతే. 175 ఏండ్లుగా ఈ గుడి చేసిన పని ఇంతే. గోడలు కట్టడము మూడేండ్లలో ముగిసినది. చోటియ్యడము మాత్రము ఎన్నడూ ముగియలేదు.

ఈ గుడి ఎవరిది అని మొదట అడిగాను. కట్టించినవారిది కాదు, వారు సముద్రము దాటి వెళ్ళిపోయారు. మొదట మోకరించినవారిది కాదు, వారు ఈ మట్టిలోనే కలిసిపోయారు. మనది కూడా కాదు, మనమూ వెళ్ళిపోయేవారమే. తల్లి ఇంటికి ఎవరు ఆకలితో వస్తే ఆ పూట ఇల్లు వారిది. మోక్షారోపణ మాత ఆ వాకిలిని ఎన్నడూ మూయకుండ కాపాడునుగాక. దాని దగ్గర నిలబడి లోపలికి రమ్మని పిలిచే మనస్సును మనకు దయచేయించునుగాక.